తొమ్మిది గొంతు

గాజు అవతల ముగ్గురూ నోళ్ళు ఆడిస్తున్నారు. నాకేమీ వినపడదు. ఈ డబ్బింగు గది గోడల నిండా మెత్తలు, తలుపు జానెడు మందం, బయట కూర్చున్న సౌండాయన, మేమంతా బాబాయ్ అంటాం, మీట నొక్కితే తప్ప వాళ్ళ మాట నా చెవుల్లోకి రాదు, ఆయన నొక్కడం లేదు. మైకు ముందు ఎత్తు స్టూలు మీద కాళ్ళు వేలాడేసుకుని కూర్చున్నాను. గడియారం వాళ్ళ గదిలో ఉంది, మూడూ పన్నెండు. నా కూతురు అమ్మడి బస్సు నాలుగూ పదికి. ఇక్కణ్ణుంచి బస్టాండు ఆటోలో పావుగంట, అదీ రోడ్డు మనమీద దయ తలిస్తే. నేను చెప్పాల్సింది ఒక్క మాట, ఒకే ఒక్క మాట, రెండు పదాలు, ఊపిరి తీసి వదిలేలోపు అయిపోతుంది. ఆ రెండు పదాలు ఏవో తేల్చడానికే వాళ్ళు గంట నుంచి జుట్లు పట్టుకుంటున్నారు. 'ఏమీ కాదు' అనాలా, 'భయంగా ఉంది' అనాలా. అనేది నేనయినా అన్నట్టు లెక్క తొమ్మిది. తొమ్మిది అంటే మరమనిషి, ఎనిమిదేళ్ళుగా ఆదివారం సాయంత్రం టీవీలో వచ్చే సీరియల్లో ఒక ఇంట్లో పిల్లని పెంచడానికి వచ్చిన తొమ్మిదో మోడలు. ఇవాళ చివరి భాగం. పిల్ల పెద్దదయిపోయింది, తొమ్మిది పాతబడిపోయింది, విప్పి పడెయ్యాలా వద్దా అని కమిటీ కూర్చుంది, కమిటీలో ఒకాయన అడుగుతాడు, నిన్ను ఆపేస్తే నీకేమవుతుంది అని. దానికి జవాబు కావాలి. మేష్టారు, అంటే మా రచయిత, రిటైరయిన సైన్సు మేష్టారు, భయంగా ఉంది అని రాసుకొచ్చారు. డైరెక్టరు కొట్టేసి పక్కన ఏమీ కాదు అని ఎర్రసిరాతో రాశాడు. అదిగో మేష్టారు లేచి నిలబడ్డారు, వేలు పైకెత్తారు, క్లాసులో ఎత్తినట్టే. ఇప్పుడు యంత్రానికీ మనసు ఎందుకు ఉండొచ్చో ఒకటి నుంచి మొదలుపెడతారు.

ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అంటారు, అంతకంటే అన్యాయంగా ఉంది వీళ్ళ వరస. లోకంలో ఎక్కడా లేని యంత్రం, అట్టా రేకూ తొడుగూ వేసి చేసిన బొమ్మ, దానికి లోపల ఏమనిపిస్తుందో అని ఇద్దరు పెద్దమనుషులు మంచినీళ్ళు కూడా తాగకుండా కొట్టుకోవడం. బొమ్మ లోపల ఉండేది సన్నాయన. సన్నగా ఉంటాడని అందరూ అలాగే పిలుస్తారు, ఆ తొడుగులో ఇంకెవరూ పట్టరు. ఎండాకాలం అందులోంచి బయటికి వచ్చినప్పుడు ఒళ్ళంతా చెమటకాయలు, మెడ దగ్గర రేకు కోసుకున్న గీతలు. తొమ్మిది నడక ఆయనది, మాట మేష్టారిది, గొంతు నాది. మరి తొమ్మిది ఎవరు? మా ముగ్గుర్లో ఎవరూ కాదు. అయినా ఉంది. మూడో ఏడాదో నాలుగో ఏడాదో డైరెక్టరు పిల్ల మీద చెయ్యెత్తమన్నాడు, తొడుగు లోపలి నుంచి సన్నాయన, తొమ్మిది అలా చెయ్యదండీ, అన్నాడు. చెయ్యదని నీకెలా తెలుసు అంటే, చెయ్యదంతే అన్నాడు. ఆ సాయంత్రం డబ్బింగుకి వచ్చి కాగితం చూసి నేనూ అదే అన్నాను, మేమిద్దరం మాట్లాడుకున్నది లేదు. ఫలానా పని చెయ్యనని మొండికేసేది ఏదో ఒకటి ఉంది మరి. అది బొమ్మలో ఉందా మాలో ఉందా అని అప్పుడు ఆలోచించలేదు, ఆ రోజు తొందరగా ఇంటికెళ్ళాలి, అమ్మడికి లెక్కల పరీక్ష.

మూడూ ఇరవై. బాబాయ్ బల్ల మీద, మీటల పక్కన, ప్లాస్టిక్ బుట్టలో మా ఫోన్లు ఉంటాయి. మైకు దగ్గరికి ఫోను తేకూడదు, మోగకపోయినా అది చేసే గరగర శబ్దం రికార్డులో పడుతుంది. నా ఫోను వెలిగింది. ఇక్కణ్ణుంచి తెర మీద పేరు కనపడదు, వెలుగు మాత్రం కనపడుతుంది, పసుపు తొడుగు నాదే. వెలుగుతోంది, వెలుగుతోంది. బాబాయ్ అటు చూడటం లేదు, మేష్టారి మాటలకి తల ఊపుతున్నాడు, డైరెక్టరు మాటలకీ అంతే ఊపుతున్నాడు, ముప్ఫై ఏళ్ళుగా ఉద్యోగం నిలబెట్టుకున్న తల అది. నేను గాజు మీద వేలితో కొట్టాను. చెవిటివాడి ముందు శంఖం. వెలుగు ఆరిపోయింది. అమ్మడే అయి ఉంటుంది. కాకపోతే వాళ్ళ నాన్న. బయల్దేరామని చెప్పడానికి ఆయన చేసి ఉంటాడు, చెప్తూ చెప్తూ ఏడ్చేసి ఫోను అమ్మడికి ఇచ్చేస్తాడు, అమ్మడు 'సరే అమ్మా' అని పెట్టేస్తుంది. సరే అమ్మా. ఈమధ్య ఆ పిల్ల నాతో ఎక్కువగా అనే మాట అదే. నేనేమన్నా సరే అమ్మా.

నిన్న సాయంత్రం మాత్రం అనలేదు. సంచీలు సర్దుతోంది, మంచం నిండా బట్టలు, నేను మడతలు పెట్టి అందిస్తున్నాను. నేల పరీక్షలు చేసే ల్యాబులో ఉద్యోగం, తొమ్మిది గంటల ప్రయాణం, ఎవరి పొలంలో మట్టి ఎలాంటిదో చూసి చెప్పడం. మట్టి చేత్తో పట్టుకుంటే చాలు ఆ పిల్ల మొహం విప్పారుతుంది, చిన్నప్పుడు తినేది కూడా. మంచి ఉద్యోగమే. నేను ఆ మాటే అన్నాను, మంచి ఉద్యోగం, చలికోటు కూడా పెట్టుకో అన్నాను. అమ్మడు చేతిలో ఉన్న బట్ట అలాగే పట్టుకుని నా మొహంలోకి చూసింది. "నేను వెళ్ళిపోతుంటే నీకేమీ అనిపించడం లేదు కదా అమ్మా?" అంది. కోపంగా కూడా అనలేదు, ఇంట్లో పంచదార ఉందా అన్నట్టు అడిగింది. నేనేమన్నాను? "ఏం లేదు. పాలు చల్లారిపోతున్నాయి, తాగు" అన్నాను. పాలు తాగింది. గ్లాసు కడిగి బోర్లించింది. బోర్లించి వెనక్కి తిరగకుండా చెప్పింది, బస్టాండుకి రావద్దు, వచ్చి ఏం చేస్తావు, నిలబడి చూస్తావు. సెలవులకి కూడా రాను, ఇక్కడ నాకోసం ఎదురుచూసేది నాన్న ఒక్కడే, ఆయన్నే అక్కడికి రమ్మంటాను. రాను అంది. అన్న మాట మీద నిలబడే పిల్ల, ఆరో తరగతిలో ఇంక చాక్లెట్ తిననని ఎందుకో అంది, ఇప్పటికీ తినదు. రాత్రంతా ఆ 'రాను' నా పక్కలో పడుకుంది. పొద్దున లేచి డబ్బింగుకి వచ్చేశాను, వస్తూ గుమ్మంలో "జాగ్రత్త" అన్నాను. సరే అమ్మా అంది.

ఈ గొంతు ఇలా అవడానికి ఒక రోజుంది. అమ్మడికి ఏడేళ్ళు. బజారులో చెయ్యి విడిచిపెట్టింది, నలభై నిమిషాలు కనపడలేదు. నలభై నిమిషాలంటే చెప్పడం తేలిక. ఎవరెవరి భుజాలు పట్టుకుని అడిగానో, ఏ మెట్లు ఎక్కి ఏ మెట్లు దిగానో, ఒక చెప్పు ఎక్కడ పోయిందో నాకిప్పటికీ తెలీదు. చెప్పుల కొట్టులో బల్ల కింద దొరికింది, ఖాళీ డబ్బాలు పేర్చి ఇల్లు కట్టుకుంటోంది. లాక్కుని గుండెకి అదుముకుని, నా ప్రాణం పోయి వచ్చిందే తల్లీ, అన్నాను. 'పోయి' దగ్గర గొంతు చీలింది, 'తల్లీ' దగ్గర గాలి మాత్రమే వచ్చింది. పిల్ల నా భుజం మీంచి తలెత్తి, నా మొహం పరీక్షగా చూసి, "అమ్మా, అది టీవీలోది" అంది. నిజమే. ఆ వారమే ఒక సీరియల్లో తల్లి పాత్రకి అదే మాట, అదే చీలిక, అదే గాలి, రెండు వందల రూపాయలకి చెప్పి వచ్చాను, పక్కింటి వాళ్ళతో కూర్చుని అది చూసిందట. కొట్టువాడు నవ్వాడు. పిల్ల అబద్ధమనలేదు, కనిపెట్టానన్నట్టు సంబరంగానే అంది. కానీ నా చేతులు వదులైపోయాయి. నేను దొంగేడుపు ఏడవలేదు, ఒట్టు. ఆ క్షణంలో నిజం ఎంత ఉందో అంతా ఉంది, దానికి బయటికి రావడానికి దారి కావాలి, రోజూ నడిచే దారిలోనే వచ్చింది. ఏం చెయ్యను, ఆ దారి నేనే అద్దెకిచ్చుకున్నాను.

అప్పట్నుంచి ఇంట్లో అద్దె గొంతులు వాడటం మానేశాను. మాటకి ముందు ఊపిరి లాగడం, చివర్లో తగ్గించడం, మధ్యలో వణికించడం, అన్నీ తెలిసిన విద్యలే కాబట్టి అన్నీ ఏరి పారేశాను. బియ్యంలో రాళ్ళు ఏరినట్టు ఏరాను. మిగిలింది చదునుగా, ఎత్తుపల్లాలు లేకుండా, ఉన్నదున్నట్టు చెప్పే గొంతు. తిన్నావా. వాన పడుతోంది, గొడుగు పట్టుకెళ్ళు. జ్వరం తగ్గింది. ఆ పిల్లకి కల్తీ లేనిది ఇస్తున్నాననుకున్నాను. మా ఆయన ఒకటి రెండు సార్లు, కాస్త ముద్దుగా మాట్లాడవే దానితో, అన్నాడు. ఆయనకేం, ప్రకటనల్లో కుక్కపిల్ల ఇల్లు చేరితే ఏడ్చే మనిషి, తువ్వాలు లేకుండా టీవీ ముందు కూర్చోడు. ఏడ్చే మగవాణ్ణి నమ్మకూడదని మా అత్తగారే అనేది, కొడుకు గురించి. నా కూతురు మాత్రం ఆ ఏడ్చే మగవాణ్ణే నమ్మింది. నమ్మాలి కూడా, ఆయన కన్నీళ్ళలో మోసం లేదు, కొళాయి వదులంతే. తర్వాత ఎనిమిదేళ్ళ కిందట ఈ సీరియల్ మొదలైంది. మరమనిషి గొంతు కావాలి, మనసు లేనట్టు ఉండాలి అన్నారు. పదిమంది వచ్చి ముక్కుతో మాట్లాడారు, డబ్బాలో మాట్లాడారు, ఒకావిడ ప్రతి అక్షరం మధ్య ఆగి రైల్వే స్టేషన్లో ప్రకటనలాగా చెప్పింది. నా వంతు వచ్చేసరికి అలిసిపోయి ఉన్నాను, మాకు అయిదింటికి నీళ్ళొస్తాయి, ఇంటికెళ్ళాలి. కాగితం చూసి మా ఇంట్లో మాట్లాడినట్టు చదివేశాను. తిన్నావా. వాన పడుతోంది, గొడుగు పట్టుకెళ్ళు. డైరెక్టరు ఎగిరి గంతేశాడు, ఇదీ యంత్రం అంటే, అన్నాడు. నేను నవ్వాను. ఇంటికొచ్చి మా ఆయనకి చెప్పి మళ్ళీ నవ్వాను. అమ్మడు అప్పుడు నవ్వలేదు, పదిహేనేళ్ళది, పుస్తకంలోంచి తలెత్తి ఓహో అంది.

మూడూ ముప్ఫై అయిదు. మళ్ళీ వెలిగింది ఫోను. ఈసారి బాబాయ్ చూశాడు. చూసి, నా వైపు తిరిగి, మర్యాదగా, ఫోనుని బోర్లా తిప్పి పెట్టాడు. గాజులోంచి ఆయనకి దణ్ణం పెట్టాలో తిట్టాలో తెలియలేదు. బాబాయ్, బాబాయ్, అది ఇలా ఇవ్వు. నోరు కదిపాను. ఇంకా అయిదు నిమిషాలన్నట్టు అయిదు వేళ్ళు చూపించాడు. ఇందాకా అయిదే చూపించాడు. స్టూలు దిగాను, ఎక్కాను. తలుపు ఇటువైపుకి తెరుచుకుంటుంది, గడియ లేదు, తాళం లేదు, పిడి కిందకి లాగితే చాలు. ఎవరూ ఆపరు. మా అమ్మాయి ఊరెళ్తోంది అంటే మేష్టారే ఆటో పిలుస్తారు. మరి ఎందుకు కదలను? మైకుకి నా నోటికి దూరం కొలిచి పెట్టారు, కదిలితే మళ్ళీ సర్దాలి అని నాకు నేను చెప్పుకుంటున్నాను. ఇరవై ఆరేళ్ళ అనుభవం, మైకు దూరం కళ్ళు మూసుకుని పట్టుకుంటాను. కదిలితే ఫోను చేతికొస్తుంది, చేతికొస్తే మాట్లాడాలి, మాట్లాడితే ఏ గొంతుతో? అదీ సంగతి. పిల్లికి చెలగాటం ఎలుకకి ప్రాణసంకటం అని వాళ్ళని తిట్టుకుంటున్నాను గానీ, వాళ్ళ వాదన ఇంకాసేపు సాగితే బావుండునని కూడా లోపలెక్కడో ఉంది, బస్సు వెళ్ళిపోతే ఇంక చెయ్యగలిగిందేమీ ఉండదు, డబ్బింగులో ఇరుక్కుపోయానని చెప్పుకోవచ్చు. సిగ్గుగా ఉంది ఇలా అనుకోవడానికి. కానీ ఉంది.

గడియారాలు బాగుచేసే పెద్దాయన ఒకాయన మాకు ఉత్తరం రాశాడు, రెండో ఏడాది. సీరియల్లో పిల్ల మొదటిసారి బడికి వెళ్ళే రోజు గేటు దగ్గర తొమ్మిది 'సాయంత్రం వస్తావు' అంటుంది. సాయంత్రం, ఆగి, వస్తావు. ఆ ఆగడం ఒక క్షణం ఎక్కువైంది, యంత్రం అవసరం లేకుండా ఆగదు, నలభై ఏళ్ళు యంత్రాల్ని చూసినవాణ్ణి, ఆ బొమ్మకి ప్రాణం వచ్చింది జాగ్రత్త, అని రాశాడు. మేష్టారు ఆ ఉత్తరం పటం కట్టించారు. నిజం నాకూ బాబాయ్‌కీ తెలుసు. కళ్ళజోడు ముక్కు మీంచి జారింది, తర్వాతి మాట కనపడలేదు, సర్దుకుని చదివాను, డైరెక్టరు ఆ పూట తొందరలో ఉండి ఓకే అనేశాడు. అంతే జరిగింది. ఆ పొరపాటు పట్టుకుని మేష్టారు ఆపైన తొమ్మిదికి ఆగడం నేర్పారు, సన్నాయన తల వంచడం చేర్చాడు, చూసేవాళ్ళు ఆ ఆగిన చోట ఏడవడం మొదలుపెట్టారు. కళ్ళజోడు జారినందుకు పుట్టిన మనసు. నవ్వొస్తుంది, నవ్వలేను. ఎందుకంటే కళ్ళజోడు రోజూ జారుతుంది, రోజూ చెయ్యి దానంతటదే సర్దేస్తుంది, చదువు ఆగదు. ఆ రోజు చెయ్యి ఎందుకు లేవలేదు? 'వస్తావు' అన్న మాట వెతుక్కుంటూ నేనేం తల్చుకున్నానో ఎంత గింజుకున్నా గుర్తు రావడం లేదు. ఏమీ తల్చుకోలేదేమో. తల్చుకుంటేనో? నా లోపల జరిగిందే నేను ఖాయంగా చెప్పలేకపోతున్నాను, రేకు బొమ్మ లోపల ఏముందో కమిటీ వేసి తేలుస్తారట.

పైకి కనిపించేదాన్ని బట్టి తేల్చాలంటే నన్ను అడగండి. వెక్కిళ్ళకి పొట్టలోకి పిడికిలి నొక్కాలి. ముక్కు పూడినట్టు రావాలంటే నాలుక వెనక్కి లాగాలి. చచ్చిపోయే ముందు మాటకి ఊపిరి పూర్తిగా వదిలేసి ఖాళీ ఛాతీతో పలకాలి. పూటకి నలుగురికి ఏడ్చి, మధ్యలో టీ తాగి, ధరలు పెరిగిపోయాయని బాబాయ్‌తో మాట్లాడి, వెళ్ళి ఇంకొకరికి ఏడ్చేదాన్ని. నాకప్పుడు లోపల ఏమీ లేదు, ఆకలి తప్ప. మా అమ్మ పోయిన రోజు పన్నెండింటి దాకా ఇక్కడే ఎవరికో పెళ్ళికూతురి నవ్వు నవ్వుతున్నాను, కబురందాక వెళ్ళాను. జనం నా ఏడుపు కోసం ఎదురుచూశారు. ఊరందరికీ ఏడ్చినదానివి, కన్నతల్లికి ఏడవవా, అని మా పిన్ని అందరూ వినేలా అంది. నేను అమ్మ కాళ్ళ దగ్గర కూర్చుని ఆవిడ మడమల పగుళ్ళు చూస్తున్నాను, వాటికి రాయమని నేను కొనిచ్చిన మందు మూత కూడా తీయకుండా గూట్లో ఉంది, దాని మీద ధర కాగితం ఇంకా అంటుకునే ఉంది. కంట్లో చుక్క లేదు. ఆ ఏడాదంతా మందుల కొట్టు ముందు నుంచి నడవలేక వెనక వీధిలోంచి తిరిగి వెళ్ళేదాన్ని. ఎవరికి తెలుసు? కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని చెప్పలేదు. పిన్ని వేసిన కమిటీలో నేను తప్పాను. మేష్టారు వేలెత్తి చెప్తున్నది ఇదేనేమో. లేక డైరెక్టరు చెప్తున్నది కూడా ఇదేనేమో, నోళ్ళు చూస్తే తెలీదు. భయంగా ఉంది అంటే భయం ఉన్నట్టు, ఏమీ కాదు అంటే లేనట్టు అని ఇద్దరూ అనుకుంటున్నారు, అదే వింత. వీళ్ళిద్దరికీ తల్లులు లేరా? ఒంట్లో బాగాలేని ఏ ఆడమనిషినైనా ఏమైందని అడిగితే ఏమంటుంది?

మూడూ యాభై రెండు. కర్రుమంది చెవుల్లో. బాబాయ్ మీట నొక్కాడు. "తల్లీ, అయిపోయింది. సార్ మాట్లాడతారట."

డైరెక్టరు మైకు దగ్గరికి వంగాడు, మొహం ఎర్రగా ఉంది. "మేడమ్, రెండూ చెప్పేయండి. తర్వాత చూసుకుందాం. ముందు నాది చెప్పండి, 'ఏమీ కాదు'. ఏమీ ఉండకూడదు అందులో, ఇనుము."

వెనకాల మేష్టారు చేతులు కట్టుకుని గోడవైపు తిరిగారు. తెర మీద తొమ్మిది కనపడింది, అంటే లోపల సన్నాయన, కమిటీ ముందు కుర్చీ లేకుండా నిలబడి ఉన్నాడు. నిన్ను ఆపేస్తే నీకేమవుతుంది. ఎర్ర దీపం వెలిగింది. ఏమీ కాదు, అన్నాను. మా ఇంట్లో అన్నట్టే అన్నాను, పాలు చల్లారిపోతున్నాయి అన్నంత మామూలుగా. దీపం ఆరింది. డైరెక్టరు రెండు బొటనవేళ్ళూ పైకెత్తి మేష్టారి వైపు తిరిగాడు, చూశారా, ఇనుము అన్నాను కదా, ఆ మాత్రం పెదాలు చదవగలను. మేష్టారు కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో కళ్ళు తుడుచుకుంటున్నారు, తల ఊపుతున్నారు, ఇదే, ఇదే నేను చెప్పింది, ఇంక రెండోది అక్కర్లేదు. ఇద్దరూ కరచాలనం చేసుకున్నారు. గంటన్నర కొట్టుకున్నవాళ్ళు ఒక్క మాట విని ఇద్దరూ గెలిచారు. బాబాయ్ ఇద్దరికీ తల ఊపాడు.

ఇంకోరోజయితే ఇంటికెళ్ళి మా ఆయనకి చెప్పి పడీపడీ నవ్వేదాన్ని, నా పనితనానికి గర్వపడేదాన్ని. ఇప్పుడు నవ్వు రాలేదు. ఒకే మాట, ఒకే గొంతు, ఒకడికి ఇనుము వినపడింది, ఒకరికి గుండె వినపడింది. ఎవరికి ఏది కావాలో అది తీసుకున్నారు. బొమ్మ విషయంలో తీసుకోనీ, అది కథ. అమ్మడి ముందు పదహారేళ్ళుగా నేను ఇలాగే మాట పెట్టి పక్కకి జరిగాను, తీసుకోవే, నీకే తెలియాలి అని. చిన్నపిల్ల, ఇనుము తీసుకుంది. ఆ పిల్ల చెవి మందం కాదు. గేటు దగ్గర ఒక క్షణం ఆగితే ముక్కూ మొహం తెలియని గడియారాలాయనకి అర్థమైంది, నా కూతురికి అర్థం కాలేదని లోలోపల ఎంత నిష్ఠూరపడ్డానో. ఆయనకేం పోయింది? బొమ్మకి మనసు లేదని తేలినా ఆయన అన్నం తిని పడుకుంటాడు. ఆ పిల్లకి నేను తల్లిని, తప్పుగా తేల్చుకుంటే జన్మంతా పోతుంది, ఎలా నమ్ముతుంది సూచనలు చూసి? నాకు మనసు ఉందో లేదో కనుక్కోవడం నా కూతురి పని చేశాను. కల్తీ లేనిది ఇస్తున్నానని మురిసిపోయాను, నిజానికి ఏమీ ఇవ్వలేదు, దాచుకున్నాను.

హెడ్‌ఫోను తీసి స్టూలు మీద పడేశాను. పిడి లాగితే తలుపు కదిలింది, ఒక్కసారిగా వాళ్ళ గొంతులన్నీ మీద పడ్డాయి. మేష్టారు ఏదో మెచ్చుకుంటున్నారు. బుట్టలోంచి ఫోను లాక్కున్నాను. మూడు కాల్స్. నాలుగూ నాలుగు. ఆటో దొరికినా అందదు. చేశాను. ఆరుసార్లు మోగింది.

"చెప్పమ్మా." వెనకాల బస్టాండు, హారన్లు, ఊళ్ళ పేర్లు అరుస్తున్న కండక్టర్లు.

"చేశావట. లోపలున్నాను."

"సర్టిఫికెట్ల ఫైలు కనపడక చేశాను. దొరికిందిలే, నాన్న సంచీలోనే ఉంది. ఇంకేం లేదు." ఆగింది. "బస్సెక్కేశాను. నాన్న కిందే ఉన్నాడు, ఏడుస్తున్నాడు. సరే అమ్మా, పెట్టేస్తున్నా."

"పెట్టకు" అన్నాను. "నువ్వు వెళ్ళడం నాకిష్టం లేదు."

ఫోను చెవికి ఇంకా గట్టిగా అదుముకున్నాను.

"వెళ్ళాలి, వెళ్ళు. వద్దనను. కానీ నాకిష్టం లేదు. ఈ ఉద్యోగం వచ్చిందని నువ్వు చెప్పిన రోజు నుంచీ నాకు అన్నం సయించడం లేదు. నిన్న ఏం లేదన్నాను, అబద్ధం చెప్పాను. రానన్నావు కదా, రాత్రి కన్ను మూతపడలేదు. నువ్వు రావాలి. నువ్వు రాకపోతే నేనుండలేను."

ఏ గొంతుతో చెప్పానో నాకు తెలీదు. మధ్యలో దగ్గొచ్చింది, 'సయించడం' దగ్గర నాలుక తడబడింది, ఒకచోట కీచుమంది, ఏ డైరెక్టరూ ఓకే చెయ్యడు. గదిలో ముగ్గురూ మాటలు ఆపేసి నన్నే చూస్తున్నారు. బయటికి వెళ్ళి మాట్లాడాలని తోచలేదు. చూడనీ.

"మళ్ళీ చెప్పు" అంది అమ్మడు.

"ఏంటి?"

"ఇప్పుడు చెప్పింది. మళ్ళీ చెప్పమ్మా."

మళ్ళీ చెప్పాను. ఈసారి వేరే వరసలో వచ్చింది, ముందు నువ్వు రావాలి అన్నాను, అన్నం సంగతి తర్వాత వచ్చింది, కొన్ని మర్చిపోయాను, కొన్ని కొత్తవి చేరాయి. చెప్తుంటే ఫోనులో అమ్మడి ఊపిరి వినపడుతోంది, దగ్గరగా, తడిగా. ఎవరో సీటు గురించి అడిగారు, అమ్మడు వాళ్ళకి జవాబివ్వలేదు. కండక్టరు రైట్ అన్నాడు. ఇంజను గట్టిగా మోగింది.

"ఇంకోసారి" అంది.

బస్సు కదిలింది. సిగ్నల్ పోయేదాకా చెప్తూనే ఉన్నాను.